ఆకు వేగానికి కళ్లెం వేసేది ఏది?
(జగదీశ్ చంద్ర బోస్ స్మారకోపన్యాస పాఠం)

సూర్యరశ్మి సాయంతో ఆకుపచ్చని ఆకు నీటిని, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చి ఆక్సిజన్‌ను విడుదల చేస్తుందన్నది బడి చదువు చదివిన వారందరికీ తెలిసిన విషయమే. అయితే పాఠ్యపుస్తకంలో ఒక్క వరుసలో ఇమిడే ఆ సమీకరణం కిరణజన్య సంయోగక్రియ మొదలును, తుదిని మాత్రమే చూపుతుంది. ఆ చర్య ఎంత వేగంగా సాగుతుందో, ఆ వేగాన్ని అదుపు చేసేది ఏదో చెప్పదు. పంట పండించేవారికైనా పరిశోధించేవారికైనా చివరకు అక్కరకు వచ్చేది ఆ వేగానికి సంబంధించిన ప్రశ్నే. ఎండ పుష్కలంగా కాసే తెలుగునాట నడివేసవి మధ్యాహ్నం వరి ఆకు, వేరుశనగ ఆకు తమ శక్తిలో కొంత భాగమే వినియోగించుకోగలగడానికి కారణం వెలుతురు కొరత కాదు. గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవడంలో ఆకు పడే అవస్థ, అందుకు అది నీటి రూపంలో చెల్లించే మూల్యం అక్కడ అసలు కారణాలు.

జగదీశ్ చంద్ర బోస్ (1858–1937) పేరు వినగానే రేడియో తరంగాలు, మొక్క పెరుగుదలను కొలిచే క్రెస్కోగ్రాఫ్, అత్తిపత్తి ఆకుల కదలికలు గుర్తుకు రావడం సహజం. ఆయన 1924లో కిరణజన్య సంయోగక్రియ ధర్మాలపై ఒక పూర్తి గ్రంథం ప్రచురించిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నీటిలో మునిగి పెరిగే హైడ్రిల్లా మొక్క కాంతిలో వెలువరించే ఆక్సిజన్ బుడగలు వాటంతట అవే నమోదయ్యేలా ఆయన ఒక పరికరాన్ని రూపొందించి, కాంతి, ఉష్ణోగ్రత, కార్బన్ డయాక్సైడ్, కొన్ని రసాయనాల స్వల్ప పరిమాణాలు ఆ వేగాన్ని ఎలా మారుస్తాయో వరుసగా కొలిచాడు. భౌతికశాస్త్రం నుంచి వృక్షశాస్త్రంలోకి వచ్చిన బోస్‌కు ఏ చర్యనైనా దాని వేగం ద్వారానే అర్థం చేసుకోవాలన్న పట్టుదల ఉండేది. ఈ ఉపన్యాసానికి వేగమే విషయం కావడం ఆ పట్టుదలకు తగినదే.

మొక్క బరువంతా మట్టి నుంచి రాదని పదిహేడో శతాబ్దంలోనే వాన్ హెల్మాంట్ విల్లో మొక్కను అయిదేళ్లు తొట్టెలో పెంచి తేల్చాడు గాని, అది నీటి నుంచే వస్తుందని పొరబడ్డాడు. కొవ్వొత్తి మండి పాడైన గాలిని పుదీనా కొమ్మ బాగుచేస్తుందని 1771లో ప్రీస్ట్లీ చూశాడు. అది వెలుతురులో, అదీ ఆకుపచ్చని భాగాల్లో మాత్రమే జరుగుతుందని 1779లో ఇంగెన్‌హౌజ్ నిరూపించాడు. సెనెబియే కార్బన్ డయాక్సైడ్ పాత్రను, 1804లో ద సొస్యూర్ నీటి పాత్రను స్థిరపరచారు. సమీకరణంలోని పేర్లన్నీ అప్పటికే తెలిసిపోయినా, లోపలి యంత్రాంగం బయటపడడానికి మరో శతాబ్దంన్నర పట్టింది.

ఆ యంత్రాంగమంతా ఆకు కణాల్లోని హరితరేణువుల్లో ఉంటుంది. హరితరేణువు లోపల థైలకాయిడ్లు అనే చదునైన సంచులు దొంతరలుగా పేర్చి ఉంటాయి. వాటి పొరల్లో పత్రహరితం, దానికి తోడుగా పసుపు, నారింజ రంగుల కెరోటినాయిడ్లు అమరి ఉంటాయి. పత్రహరితం ప్రధానంగా నీలి, ఎరుపు కాంతిని గ్రహిస్తుంది. వందలాది పత్రహరిత అణువులు కాంతిని పట్టి, ఆ శక్తిని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తూ చర్యాకేంద్రం అనే ప్రత్యేకమైన జంట అణువుల వద్దకు చేరుస్తాయి. అక్కడ శక్తి పుంజుకున్న ఎలక్ట్రాన్ పక్క అణువులోకి దూకుతుంది. పోయిన ఎలక్ట్రాన్ స్థానాన్ని నింపడానికి నాలుగు మాంగనీస్ పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు గల చిన్న గుచ్ఛం నీటి అణువులను విడగొడుతుంది. జీవులు పీల్చే ఆక్సిజన్ ఇలా వెలువడిన అవశేషమే. ఆ ఆక్సిజన్ నీటి నుంచే వస్తుంది తప్ప కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదని 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ ఐసోటోపుతో చూపింది.

బయలుదేరిన ఎలక్ట్రాన్ రెండు కాంతి వ్యవస్థల గుండా మెట్టు మెట్టుగా ప్రయాణించి, రెండోసారి కాంతి శక్తిని పుంజుకుని, చివరకు ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువులో నిలవచేరుతుంది. ఈ ప్రయాణంలో థైలకాయిడ్ సంచి లోపలికి హైడ్రోజన్ అయాన్లు చేరి అక్కడ ఆమ్లత పెరుగుతుంది; అవి తిరిగి బయటికి వచ్చే దారిలో ఉన్న ఎంజైము వాటి ప్రవాహాన్ని వాడుకుని ఏటీపీ తయారుచేస్తుంది. మిచెల్ 1961లో ప్రతిపాదించిన ఈ ఆలోచనను తొలుత చాలామంది నమ్మలేదు. చీకట్లోనే థైలకాయిడ్లను మొదట ఆమ్లంలో నానబెట్టి, వెంటనే క్షారంలోకి మార్చి, వెలుతురు లేకుండానే ఏటీపీ తయారవుతుందని 1966లో జాగెండార్ఫ్, ఉరిబే చూపాక ఆ అనుమానాలు చాలావరకు తొలగిపోయాయి. మొత్తానికి కాంతి చేసేది ఈ రెండు ‘నాణేలను’ ముద్రించడమే; కార్బన్‌ను చక్కెరగా మార్చే పని వాటిని ఖర్చుపెట్టే మరో విభాగానిది.

ఆ రెండో విభాగం థైలకాయిడ్ల చుట్టూ ఉన్న అవర్ణిక అనే ద్రవంలో పనిచేస్తుంది. రేడియోధార్మిక కార్బన్‌తో కాల్విన్, బెన్సన్, బాషమ్ బర్క్‌లీలో సాగించిన పరిశోధనల్లో దాని దారి తేటపడింది. 1961లో కాల్విన్‌కు నోబెల్ బహుమతి లభించింది. అయిదు కార్బన్ల చక్కెర ఒకటి కార్బన్ డయాక్సైడ్‌ను అందుకుని, వెంటనే రెండుగా విడిపోయి, మూడేసి కార్బన్ల ఆమ్లాలుగా మారుతుంది. ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్‌లు వాటిని చక్కెరలుగా క్షయకరణం చేస్తాయి. ఆ చక్కెరల్లో ఆరింట అయిదు వంతులు మళ్లీ అయిదు కార్బన్ల చక్కెరను పునర్నిర్మించడానికే ఖర్చవుతాయి, ఒక వంతు మాత్రమే మొక్కకు మిగులుతుంది. ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌కు మూడు ఏటీపీలు, రెండు ఎన్‌ఏడీపీహెచ్‌లు కావాలి.

ఈ చక్రానికి ద్వారపాలకుడు రూబిస్కో అనే ఎంజైము. ఇంత ముఖ్యమైన పనిని ప్రకృతి ఇంత మందకొడి ఎంజైముకు అప్పగించడం ఆశ్చర్యం కలిగించే విషయం. అదే ఆకులోని కార్బానిక్ అన్‌హైడ్రేజ్ సెకనుకు లక్షల అణువులను మార్చగలదు. రూబిస్కో ఒక్కో క్రియాస్థానం సెకనుకు మూడు నాలుగు కార్బన్ డయాక్సైడ్ అణువులను మించి పట్టుకోలేదు. ఆ లోటును మొక్క సంఖ్యతో పూడ్చుకుంటుంది: వరి, గోధుమ వంటి మొక్కల ఆకుల్లో కరిగే ప్రొటీన్‌లో మూడోవంతు నుంచి సగం దాకా ఈ ఎంజైమే. భూమిపై అత్యంత సమృద్ధమైన ప్రొటీన్లలో ఇది ఒకటి కావడానికి దాని నిదానమే కారణం. దీనికి రెండో లోపం కూడా ఉంది. కార్బన్ డయాక్సైడ్ అందుకోవలసిన చోట అది ఆక్సిజన్‌నూ పట్టుకుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం మాత్రమే కనుక ఈ పొరపాటు అరుదు కాదు, 25 డిగ్రీల వద్ద సుమారు మూడు నాలుగు సార్లకు ఒకసారి జరుగుతుంది. అలా పుట్టిన పనికిరాని పదార్థాన్ని సరిదిద్దడానికి మొక్క శక్తిని ఖర్చుపెట్టి, అప్పటికే పట్టుకున్న కార్బన్‌లో కొంత వదులుకుంటుంది. దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు. గాలిలో ఆక్సిజన్ దాదాపు లేని ప్రాచీన కాలంలో ఈ ఎంజైము పుట్టిందని గుర్తుంచుకుంటే దాని తడబాటును అర్థం చేసుకోవచ్చు.

వేగానికి సంబంధించిన తొలి స్పష్టమైన సూత్రాన్ని కేంబ్రిడ్జ్‌లో ఎఫ్.ఎఫ్. బ్లాక్‌మన్ 1905లో ప్రతిపాదించాడు. అనేక కారకాలపై ఆధారపడిన చర్య వేగాన్ని వాటిలో అత్యంత కొరతగా ఉన్న కారకమే నిర్ణయిస్తుందని, దాన్నే అవధి కారకమనాలని ఆ సూత్ర సారాంశం. చెరువు నిండుగా ఉండి, తూము పూర్తిగా తెరిచినా, పంటకాలువ పూడుకుపోయి ఉంటే పొలానికి చేరే నీటిని పూడిక నిర్ణయించినట్లు, కాంతి ఎంత పెంచినా కార్బన్ డయాక్సైడ్ చాలకపోతే చర్య ముందుకు సాగదు. బ్లాక్‌మన్ గీసిన రేఖలు ఒక్కసారిగా వంగి సమతలమవుతాయి. నిజమైన ఆకులో కొలిచిన రేఖలు నెమ్మదిగా వంగుతాయి, ఎందుకంటే ఆకులోని లక్షల హరితరేణువుల్లో కొన్ని కాంతి కొరతలో, కొన్ని కార్బన్ కొరతలో ఒకే సమయంలో ఉంటాయి. అయినా ఈ సూత్రం నేటికీ పనికివచ్చే ప్రాథమిక సాధనమే. దాన్ని వాడేవారు మరచిపోకూడని విషయం ఒక్కటే, అవధి కారకం రోజంతా ఒకటే కాదు, ఉదయం నుంచి సాయంత్రానికి అది స్థానం మారుతూనే ఉంటుంది.

బ్లాక్‌మన్ కాలపు కొలతల్లో మరో సూచన దాగి ఉంది. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత పెంచినా వేగం పెద్దగా మారదు, వెలుతురు ఎక్కువగా ఉన్నప్పుడు గణనీయంగా మారుతుంది. అంటే కాంతితో నేరుగా పని లేని, ఉష్ణోగ్రతకు లొంగే ఎంజైము చర్య ఒకటి నడుమ ఉండాలి. క్షణికమైన కాంతి మెరుపుల మధ్య చీకటి విరామాన్ని మార్చుతూ 1932లో ఎమర్సన్, ఆర్నాల్డ్ జరిపిన ప్రయోగాలు దీన్ని ధ్రువపరచాయి: మెరుపు కాలం సెకనులో లక్షవంతు స్థాయిదైతే, తరువాతి చీకటి చర్య ముగియడానికి సెకనులో కొన్ని వందలవంతులు కావలసి వచ్చింది. ఒక్క ఆక్సిజన్ అణువు విడుదలకు ఎన్ని ఫోటాన్లు కావాలన్న విషయంలో ఎమర్సన్‌కు, ఆయన గురువైన వార్‌బుర్గ్‌కు మధ్య జరిగిన దీర్ఘ వివాదం శాస్త్ర చరిత్రలో ప్రసిద్ధం. నాలుగు చాలునని గురువు, ఎనిమిదికి తగ్గదని శిష్యుడు వాదించగా, కాలం శిష్యుని పక్షాన నిలిచింది. అలహాబాద్ నుంచి అమెరికా వెళ్లి ఎమర్సన్ వద్ద పరిశోధన మొదలుపెట్టిన గోవింద్‌జీ ఆ చరిత్రను తరువాతి తరాలకు అందించినవారిలో ముఖ్యుడు.

కాంతి విషయానికి వస్తే, మసక వెలుతురులో ఆకు కార్బన్ జమాఖర్చులు సరిపోయే స్థాయి ఒకటి ఉంటుంది. దానికి దిగువన శ్వాసక్రియలో పోయేదే ఎక్కువ. అక్కడి నుంచి వెలుతురుతో పాటు వేగం సరళరేఖలా పెరిగి, వరి వంటి మొక్కల ఒంటరి ఆకులో నిండు ఎండలో సగానికి అటూ ఇటుగా సంతృప్తమవుతుంది. ఒక ఆకును చూసి పొలాన్ని అంచనా వేయడం మాత్రం తప్పు. పైరులో పై ఆకులు ఎండలో సంతృప్తమైనా, వాటి నీడలోని కింది ఆకులు వెలుతురు కోసం వాచిపోయే ఉంటాయి, కనుక పొలమంతా కలిపి చూస్తే అదనపు ఎండ అదనపు పంటే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మబ్బులు కమ్మే సార్వా కంటే నిర్మలాకాశం కింద పండే దాళ్వా వరి సాధారణంగా ఎక్కువ దిగుబడి ఇవ్వడానికి ప్రధాన కారణాల్లో ఇది ఒకటి. నిటారుగా నిలిచే ఆకులున్న పొట్టి రకాలు ఎక్కువ పండడానికి కూడా వెలుతురు కింది ఆకుల దాకా జారడం ఒక కారణమే.

కార్బన్ డయాక్సైడ్ ఆకులోకి ప్రవేశించేది పత్రరంధ్రాల గుండా. అవే రంధ్రాల గుండా ఆకులోని నీటి ఆవిరి బయటికి పోతుంది, దాన్ని బాష్పోత్సేకం అంటారు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ అతి పలుచన, ఆకు లోపలి గాలి తేమతో దాదాపు సంతృప్తం. ఈ రెండు వాలుల మధ్య అంతరం ఎంతటిదంటే, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును సంపాదించడానికి వరి వంటి మొక్క సుమారు 400 నీటి అణువులను వదులుకోవలసి వస్తుంది. వేర్లు పీల్చిన నీటిలో కిరణజన్య సంయోగక్రియలో నేరుగా వాడుకయ్యేది అత్యల్పం, మిగతాదంతా దాదాపు ఈ వినిమయంలో చెల్లించే సుంకమే. నేల ఎండినప్పుడు వేర్లలో, ఆకుల్లో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి రంధ్రాలు మూసుకుపోతాయి. మొక్క వాడదు గాని ఆకలితో ఉంటుంది. నేల తడిగానే ఉన్నా వడగాలులు వీచే మధ్యాహ్నం, గాలి మరీ పొడిబారినప్పుడు, అనేక మొక్కలు రంధ్రాలను కొంత మూసుకుంటాయి. ఉదయం, సాయంత్రం రెండు శిఖరాలతో, నడుమ లోయతో వేగరేఖ కనబడడం అందువల్లే. ఆ లోయ వేళ వెలుతురు అత్యధికంగా ఉంటుందన్నది గమనించదగిన విషయం.

అదే సమయంలో వేడి మరో దెబ్బ తీస్తుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగే గుణం ఆక్సిజన్ కంటే వేగంగా తగ్గుతుంది. రూబిస్కోకు ఆ రెంటినీ వేరుచేసి గుర్తించే నేర్పూ తగ్గుతుంది. ఫలితంగా కాంతి శ్వాసక్రియ నష్టం పెరుగుతుంది. రూబిస్కోను సచేతనంగా ఉంచే ఆక్టివేజ్ అనే సహాయక ప్రొటీన్ వేడికి సులభంగా దెబ్బతింటుంది. రూబిస్కో ఆక్సిజన్‌ను పట్టుకుంటుందన్న విషయాన్ని 1971లో బయటపెట్టిన బోవెస్, ఆగ్రెన్ బృందం పరిశోధన తరువాతనే ఈ నష్టానికి మూలం తెలిసింది.

ఈ చిక్కును దాటిన మొక్కలూ ఉన్నాయి. చెరకు ఆకులో రేడియోధార్మిక కార్బన్ మొదట నాలుగు కార్బన్ల ఆమ్లాల్లో కనబడుతోందని హవాయిలో గమనించిన తరువాత, 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ దాని క్రమాన్ని వివరించారు. అందుకే వీటిని సి-4 మొక్కలంటారు, మూడు కార్బన్ల ఆమ్లంతో మొదలయ్యేవి సి-3 మొక్కలు. సి-4 ఆకులో బయటి పత్రాంతర కణాలు ఆక్సిజన్‌తో తడబడని పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైముతో కార్బన్‌ను పట్టి, మాలిక్ ఆమ్లం వంటి రూపంలో ఈనెల చుట్టూ ఉన్న పుంజపు తొడుగు కణాల్లోకి పంపుతాయి. అక్కడ అది విడిపోయి రూబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్‌ను దట్టంగా నింపడంతో ఆక్సిజన్‌కు చోటు దక్కదు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, చెరకు, తోటకూర ఈ తెగవి; వరి, పత్తి, మిరప, వేరుశనగ, కంది సి-3 తెగవి. ఒక్కో కార్బన్‌కు సి-4 మొక్కలు ఖర్చుచేసే నీరు సి-3 మొక్కలు ఖర్చుచేసే దానిలో సగం కంటే తక్కువే కావడం వల్ల, రాయలసీమ, తెలంగాణ మెట్ట భూముల్లో జొన్న, సజ్జ తరతరాలుగా నిలదొక్కుకోవడం వింతేమీ కాదు. ఇదే సదుపాయం గరిక, తుంగ, ఊద వంటి కలుపు మొక్కలకూ ఉంది. వరి మడిలో ఊద అంత మొండిగా పైకి లేవడం వెనక ఈ యంత్రాంగమే ఉంది. అయితే ఒక్కో కార్బన్‌కు అదనంగా రెండు ఏటీపీలు ఖర్చయ్యే ఈ పద్ధతి చల్లని, నీడ ప్రదేశాల్లో లాభసాటి కాదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్, ఆయన శిష్యుడు ఎ.ఎస్. రాఘవేంద్ర 1970వ దశకంలో సి-4 మొక్కల పట్టికలను ప్రపంచ పరిశోధకులకు అందించారు.

హైడ్రిల్లా కథ ఇక్కడే అర్థమవుతుంది. వేసవిలో సేకరించిన హైడ్రిల్లా మాలిక్ ఆమ్లాన్ని ఆధారం చేసుకుని, నీటిలో కార్బన్ డయాక్సైడ్ లేకపోయినా కాంతిలో ఆక్సిజన్ వెలువరించగలదని బోస్ గమనించాడు. సి-4 అన్న భావన పుట్టడానికి నాలుగు దశాబ్దాల ముందు మాట అది. దాన్ని చేర్చవలసిన చట్రమే లేకపోవడంతో ఆ పరిశీలన అలాగే ఉండిపోయింది. కాంతి శ్వాసక్రియ మూలాన్ని కనిపెట్టినవారిలో ఒకడైన బోవెస్, తరువాత ఫ్లోరిడాలో సహచరులతో కలిసి హైడ్రిల్లాపై పనిచేసి, దట్టంగా పెరిగిన వేసవి నీటిలో పగటిపూట కార్బన్ డయాక్సైడ్ అడుగంటి, ఆక్సిజన్, వేడి పెరిగినప్పుడు ఆ మొక్క సి-3 పద్ధతి నుంచి సి-4 పద్ధతికి మారుతుందని, అదీ పుంజపు తొడుగు ఏర్పాటు ఏదీ లేకుండా ఒకే కణంలో సాధిస్తుందని నిరూపించాడు. బోస్ కృషిలోని ఈ ప్రాధాన్యాన్ని రాఘవేంద్ర, గోవింద్‌జీ తమ వ్యాసంలో గుర్తుచేశారు. బోస్‌కు సి-4 తెలుసని చెప్పడం అతిశయోక్తి. ఆయన కొలతలు నమ్మదగినవని చెప్పడం మాత్రం న్యాయం.

బ్రహ్మజెముడు, కలబంద, అనాస మరో దారి పట్టాయి: రాత్రి చల్లదనంలో రంధ్రాలు తెరిచి కార్బన్‌ను ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసి దాన్ని వాడుకుంటాయి. నీరు మిగులుతుంది, పెరుగుదల నెమ్మదిస్తుంది.

పోషకాల్లో నత్రజని పాత్ర అన్నిటికన్నా పెద్దది. ఆకు నత్రజనిలో అధిక భాగం హరితరేణువుల్లోనే, అందులోనూ పెద్ద వాటా రూబిస్కోలోనే ఉంటుంది కనుక, నత్రజని తగ్గిన ఆకు పాలిపోవడంతో పాటు కార్బన్ పట్టే శక్తినీ కోల్పోతుంది. ఆకు రంగు పట్టికతో వరి పైరు పచ్చదనాన్ని సరిపోల్చి యూరియా మోతాదు నిర్ణయించే పద్ధతికి ఇదే ఆధారం. పత్రహరితం నడుమ మెగ్నీషియం, ఎలక్ట్రాన్ల దారిలో ఇనుము, నీటిని విడగొట్టే చోట మాంగనీస్ తప్పనిసరి. తయారైన చక్కెరను వాడుకునే గింజలు, దుంపలు, లేత చిగుళ్లు తగ్గిపోతే ఆకులో పిండిపదార్థం పేరుకుని, చర్య తనంతట తానే మందగిస్తుంది. అవధి అప్పుడు ఆకులో కాక, ఆకు ఉత్పత్తిని అందుకునే అవయవంలో ఉంటుంది.

ఆకు ఎప్పుడూ స్థిరమైన వెలుతురులో ఉండదు. నిండు ఎండలో మిగిలిన శక్తి హాని చేయకుండా జియాజాంథిన్ వంటి వర్ణకాల సాయంతో దాన్ని వేడిగా వెదజల్లే రక్షణ ఏర్పాటు మొక్కలో ఉంది. మబ్బు అడ్డొచ్చినా, పక్క ఆకు నీడ పడినా ఆ ఏర్పాటు వెంటనే సడలదు, అలా కొన్ని నిమిషాల పాటు వెలుతురు వృథా అవుతుంది. ఆ సడలింపును త్వరపరిచే మూడు జన్యువులను పొగాకు మొక్కలో అధికంగా పనిచేయించి, పొలంలో సుమారు 15 శాతం అదనపు పెరుగుదల సాధించినట్లు ఇల్లినాయ్ పరిశోధకులు 2016లో ప్రకటించారు. రూబిస్కోను మెరుగుపరచాలన్న దశాబ్దాల ప్రయత్నాలతో పోలిస్తే, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ చిన్న ఆలస్యాన్ని సరిదిద్దడమే ముందుగా ఫలించింది.

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. సి-3 మొక్కలకు ఇది నేరుగా వేగాన్ని పెంచేదే, ఎందుకంటే రూబిస్కో వద్ద ఆక్సిజన్ పోటీ తగ్గుతుంది, రంధ్రాలు కొంత మూసుకున్నా పని జరిగి నీరు ఆదా అవుతుంది. చైనా, జపాన్ పొలాల్లో వరి పైరు చుట్టూ ఆ వాయువు మోతాదును మరింత పెంచి జరిపిన ప్రయోగాల్లో దిగుబడి పెరిగింది గాని, ఊహించినంతగా పెరగలేదు. కొంతకాలానికి ఆకులు తమ రూబిస్కోను తగ్గించుకున్నాయి, అందుకు నత్రజని సరఫరా కార్బన్‌తో సరితూగకపోవడం ఒక కారణం. 2018లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం అలాంటి గాలిలో పండిన బియ్యంలో ప్రొటీన్ సుమారు పదోవంతు తగ్గింది, ఇనుము, జింకు, కొన్ని బి విటమిన్లూ తగ్గాయి. పరిశీలించిన 18 వరి రకాల్లో ఈ తగ్గుదల ఒకే మోతాదులో లేదు; ప్రొటీన్‌ను మెరుగ్గా నిలుపుకున్న రకాలను ఎంచుకుని సంకరణానికి వాడుకునే అవకాశం ప్రజనన శాస్త్రవేత్తలకు అక్కడే ఉంది.